మరచిపోతున్న అమ్మ – మరువని దేవుడు

కుటుంబ దీపం



ఈ నెల నేను ముందుగా నా తప్పు ఒకటి మీ ఎదుట ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రిందట మా సంఘంలోని ఒక పెద్దావిడ ఆరాధన అయిపోయాక నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, నా బంగారు కమ్మలు మా కోడలు తీసింది. అడిగితే తీయలేదని బొంకుతోంది" అని కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆమె స్త్రీల సమాజంలో ముప్పై ఏళ్లకు పైగా పరిచర్య చేసిన తల్లి. అబద్ధమాడే మనిషి కాదు. నేను మరునాడే ఆ కోడలిని పిలిపించి, పది ఆజ్ఞలలో దొంగతనం గురించి, తల్లిదండ్రులను సన్మానించడం గురించి గట్టిగానే బోధించాను. ఆ అమ్మాయి ఒక్క మాట ఎదురు చెప్పలేదు. కొంగుతో ముఖం తుడుచుకొని వెళ్లిపోయింది. తరువాత నాలుగు ఆదివారాలు మందిరానికి రాలేదు.

రెండు నెలలకు ఆ కమ్మలు బియ్యం డబ్బా అడుగున దొరికాయి. ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని పెద్దావిడే అక్కడ దాచి, దాచిన సంగతే మరచిపోయారు. అప్పుడు ఒక్కొక్కటిగా మిగతా విషయాలు బయటపడ్డాయి. పప్పులో రెండుసార్లు ఉప్పు వేయడం, బుధవారం నాడు తెల్లచీర కట్టుకొని ఆరాధనకు బయలుదేరడం, అడిగిన ప్రశ్నే పది నిమిషాలకోసారి అడగడం, నలభై ఏళ్లు నడిచిన వీధిలో ఇల్లు ఎటో తెలియక నిలబడిపోవడం. ఇవన్నీ ఆ కోడలు ఏడాదిగా చూస్తూనే ఉంది. చెబితే అత్తమీద చాడీలు చెబుతోందంటారని నోరు మూసుకుంది. పట్నంలో నరాల డాక్టరుగారు పరీక్షలన్నీ చేసి, అది అల్జీమర్స్ అనే మెదడు జబ్బు అన్నారు. నేను ఆ ఇంటికి వెళ్లి, కుటుంబమంతా కూర్చున్న చోట ఆ అమ్మాయిని క్షమాపణ అడిగాను. నావలె మరో సేవకుడు, మరో కుటుంబం పొరబాటు పడకూడదని ఈ సంగతులు వ్రాస్తున్నాను.

ఇది ఏమి జబ్బు?

1901లో జర్మనీ దేశంలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో 51 ఏళ్ల స్త్రీని ఆసుపత్రిలో చేర్చారు. ఆమె పేరు ఆగస్టే డేటర్. భర్త తనకు అన్యాయం చేస్తున్నాడని అనుమానించేది, వస్తువులు దాచేది, వంట తప్పేది. భోజనానికి పెట్టిన కూరను చూసి మరో కూర పేరు చెప్పేది. తనను తానే పోగొట్టుకున్నానని వైద్యుడితో చెప్పుకునేది. ఆ వైద్యుని పేరు అలోయిస్ అల్జీమర్. 1906లో ఆమె చనిపోయాక ఆయన ఆమె మెదడును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అందులో అసహజమైన గడ్డలవంటి పేరుకుపోతలను, చిక్కుబడిన పోగులను చూసి, ఆ సంవత్సరం నవంబరులో వైద్యుల సభలో వివరించాడు. 1910లో ఆ జబ్బుకు ఆయన పేరే పెట్టారు.

మెదడులో కొన్ని మాంసకృత్తులు పాడై కణాల మధ్య, కణాల లోపల పేరుకొని, క్రమంగా ఆ కణాలను చంపివేస్తాయి. సాధారణంగా కొత్త జ్ఞాపకాలను భద్రపరచే భాగం ముందుగా దెబ్బతింటుంది. అందుకే పెద్దవారు ఉదయం తిన్న టిఫిను మరచిపోతారు గాని, అరవై ఏళ్ల క్రిందటి తమ బాప్తిస్మం రోజు చక్కగా చెబుతారు. ఆ తరువాత మాట, లెక్క, దారి, చేతిపని, చివరకు నడక, మింగడం కూడా తగ్గిపోతాయి.

మతిమరుపు జబ్బులన్నిటినీ కలిపి డిమెన్షియా అంటారు. వాటిలో ఎక్కువ భాగం అల్జీమర్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో 5 కోట్ల 70 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారు. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది ఉన్నారని 2023లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. పట్టణాలకంటే పల్లెల్లో, పురుషులకంటే స్త్రీలలో ఇది ఎక్కువని కూడా అదే అధ్యయనం చెప్పింది. కనుక ఇది పట్నం జబ్బు, ధనికుల జబ్బు అనుకోవద్దు.

ఇది దయ్యం పట్టడం కాదు. చేతబడి కాదు. పుట్టు గ్రుడ్డివాని విషయంలో ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసిపుచ్చాడు (యోహాను 9). మనమూ అలాంటి ప్రశ్న అడగరాదు. ప్రార్థన తప్పక చేయండి. కాని ప్రార్థన పేరుతో ముసలివారిని కొట్టడం, కట్టివేయడం, బలవంతంగా ఉపవాసం ఉంచడం, మందులు మాన్పించడం దేవుని పని కాదు.

చిన్న పనులు ఎందుకు కష్టమవుతాయి?

టీ పెట్టడం మనకు ఒక్క పని. నిజానికి అందులో పది పన్నెండు మెట్లున్నాయి. గిన్నె తీయాలి, నీళ్లు పోయాలి, పొయ్యి వెలిగించాలి, పొడి వేయాలి, పాలు, పంచదార, వడగట్టడం, పొయ్యి ఆర్పడం. జబ్బు వచ్చిన మనిషికి ఈ మెట్ల వరుస చెదిరిపోతుంది. పాలు పోసి పొడి మరచిపోతారు, పొయ్యి ఆర్పకుండా వెళ్లిపోతారు. అది బద్ధకమూ కాదు, మొండితనమూ కాదు.

చీర కట్టుకోవడమూ అంతే. లంగా మీద లంగా వేసుకుంటారు, జాకెట్టు తిరగేసి తొడుక్కుంటారు. కాబట్టి బట్టలన్నీ ఒకేసారి ఇచ్చి "కట్టుకో అమ్మా" అనకండి. వరుసగా ఒక్కొక్కటి చేతికందించండి. ఒక్కసారి ఒక్క మాటే చెప్పండి. వదులుగా ఉండి సులువుగా తొడిగే బట్టలు మేలు. ముసలితనంలో మరొకడు నీకు నడుము కట్టి, నీకిష్టం లేని చోటికి తీసుకుపోతాడని ప్రభువు పేతురుతో చెప్పిన మాట (యోహాను 21) ఆయన పొందబోయే మరణాన్ని గురించి చెప్పినదే అయినా, అందులో ప్రతి వృద్ధుని గతీ కనబడుతుంది. అంత పెద్ద అపొస్తలుడే ఇతరుల చేతికి అప్పగింపబడ్డాడంటే, అలా అప్పగింపబడినవారిని చులకన చేయడానికి మనమెంతవారం?

స్నానం దగ్గర చాలామంది గొడవ చేస్తారు. తలమీద హఠాత్తుగా నీళ్లు పడితే వారికి ప్రాణభయం కలుగుతుంది. గోరువెచ్చని నీళ్లతో ముందు పాదాల మీద, తరువాత మెల్లగా పైకి పోయండి. ఒక చెంబు వారి చేతికే ఇవ్వండి. ఆ రోజు వద్దంటే తడిగుడ్డతో తుడవండి. రోజూ తలస్నానం చేయకపోతే ఎవరికీ నష్టం లేదు.

కన్ను చూసినా మనసు పోల్చుకోదు

ఈ జబ్బులో కళ్లు బాగున్నా, కన్ను చూసినదాని అర్థం మెదడు చెప్పలేదు. గుమ్మం ముందు పరచిన నల్లని పట్టా కొందరికి గొయ్యిలా కనబడుతుంది. అక్కడ కాలు పెట్టమంటే వణికిపోతారు. అలాంటి పట్టా తీసివేయండి. అద్దంలో తమ ముఖం చూసి ఎవరో ముసలిది ఇంట్లో దూరిందని కొందరు కేకలు వేస్తారు. అద్దం మీద గుడ్డ కప్పండి. టీవీలోని మనుషులు గదిలోనే ఉన్నారనుకుంటారు. కొట్లాటలు, ఏడుపులు వచ్చేటప్పుడు టీవీ కట్టేయండి.

తెల్లని పళ్లెంలో తెల్లని అన్నం కనబడక "నాకేమీ పెట్టలేదు" అనవచ్చు. అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు 2004లో, జబ్బు ముదిరిన కొద్దిమంది రోగులకు తెల్లని పళ్లెం బదులు ముదురు ఎరుపు పళ్లెం, గ్లాసు ఇచ్చి చూశారు. వారు తిన్న ఆహారం 25 శాతం, త్రాగినది 84 శాతం పెరిగింది. మన ఇళ్లలో ఎర్రని ప్లాస్టిక్ పళ్లెం చాలు. అరిటాకులో వడ్డించినా పచ్చని ఆకు మీద అన్నం చక్కగా కనబడుతుంది. జబ్బు ముదిరినప్పుడు మింగడం కష్టమవుతుంది కనుక పడుకోబెట్టి తినిపించకండి. నిటారుగా కూర్చోబెట్టి చిన్న ముద్దలు పెట్టండి.

ప్రొద్దు వాలేటప్పటికి కలవరం ఎక్కువవుతుంది. నీడలు చూసి భయపడతారు. "మా ఇంటికి పోతాను" అని సొంత ఇంట్లోనే మూట కట్టుకుంటారు. చీకటి పడకముందే దీపాలు వెయ్యండి. రాత్రి దొడ్డికి వెళ్లే దారిలో చిన్న లైటు ఉంచండి. వారు వెదకే ఇల్లు చాలాసార్లు చిన్ననాటి ఇల్లు, భయం లేని చోటు. "ఇదే నీ ఇల్లు, కళ్లు కనబడటం లేదా?" అని గద్దించే బదులు, ప్రక్కన కూర్చొని, "మీ ఊళ్లో బావి ఎక్కడుండేదమ్మా?" అని అడిగి చూడండి.

ఒక తమ్ముడు నన్ను ఇలా అడిగాడు. "అయ్యగారూ, మా నాన్న పోయి పదేళ్లయింది. అమ్మ ఆయనింకా పొలం నుండి రాలేదేమని రోజూ అడుగుతుంది. చచ్చిపోయాడని చెబితే ఆ క్షణమే విన్నట్లు గుండెలు బాదుకుంటుంది. వస్తాడంటే అబద్ధమవుతుంది. క్రైస్తవుడను, నేనేం చెప్పాలి?" నేను చాలా ఆలోచించాను. అబద్ధం కల్పించమని నేను చెప్పలేను. కాని రోజూ ఒక విధవరాలికి కొత్తగా చావు కబురు చెప్పమని దేవుడు మనల్ని అడగడు. "నాన్న గుర్తుకొచ్చాడా అమ్మా? ఆయనకు ఏ కూర ఇష్టం?" అని అడగమన్నాను. ఆమె దుఃఖమూ ఆమె ప్రేమా రెండూ నిజమే. ఆ నిజంతోనే మాట్లాడవచ్చు. ఆ తమ్ముడు తరువాత చెప్పాడు, ఆమె చింతచిగురు పప్పు గురించి అరగంట చెప్పి నిద్రపోయిందట.

ఇంకొక హెచ్చరిక. గ్యాసు రెగ్యులేటరు వాడనప్పుడు కట్టేయండి. పురుగుమందు డబ్బాలు తాళం వేసి ఉంచండి. బావికి మూత వేయండి. పేరు, ఊరు, ఫోను నంబరు వ్రాసిన చీటి వారి బట్టలకు కుట్టండి. మరి ఒక మాట బాధతో వ్రాస్తున్నాను. మతి తప్పిన తల్లిచేత పొలం కాగితాల మీద వేలిముద్ర వేయించుకొనే పిల్లలు విశ్వాసుల ఇళ్లలోనూ ఉండవచ్చు. కన్ను కనబడని ఇస్సాకు దగ్గర యాకోబు చేసిన పని ఆ ఇంటికి ఎన్నేళ్ల కన్నీళ్లు తెచ్చిందో ఆదికాండంలో చదవండి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరచిపోవడం జబ్బు కాదు. రోజువారీ పనులు చెడిపోతుంటే, తెలిసిన దారి తప్పుతుంటే, స్వభావం మారిపోతుంటే వెంటనే చూపించాలి. ఎందుకంటే మతిమరుపంతా అల్జీమర్స్ కాదు. థైరాయిడ్ తగ్గినా, విటమిన్ బి12 లోపించినా, మనోవ్యాకులత ఉన్నా, క్రిందపడి తలలో రక్తం గడ్డకట్టినా, కొన్ని మందుల వలన కూడా మతి తగ్గుతుంది. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. రెండు మూడు రోజుల్లోనే హఠాత్తుగా మనిషి మారిపోతే మూత్రంలో ఇన్ఫెక్షను, ఒంట్లో నీరు తగ్గిపోవడం, పక్షవాతం వంటివి కావచ్చు. అది అత్యవసరం, ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

అల్జీమర్స్‌ను పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. డొనెపెజిల్, మెమాంటిన్ వంటి మాత్రలు కొందరిలో లక్షణాలను కొంతకాలం తగ్గిస్తాయి. కనుక వేలకు వేలు తీసుకొని నయం చేస్తామనేవారి మాట నమ్మవద్దు. రక్తపోటు, మధుమేహం అదుపులో ఉంచుకోవడం, పొగాకు, మద్యం మానడం, వినికిడి తగ్గితే చెవి మిషను పెట్టించడం, చూపు తగ్గితే చికిత్స చేయించడం, ఒంటరిగా ఉండకపోవడం – ఇవి ముప్పును తగ్గిస్తాయని 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణులు తెలిపారు. సలహా కోసం వృద్ధుల సహాయ ఫోను 14567, మానసిక ఆరోగ్యానికి టెలీమానస్ 14416 ఉన్నాయి.

వాగ్దానం నిలుపుకొన్న ఒక సేవకుడు

అమెరికాలో రాబర్ట్‌సన్ మెక్విల్కిన్ అనే దైవజనుడు ఉండేవారు. జపానులో 12 ఏళ్లు మిషనరీగా పనిచేసి, 1968 నుండి కొలంబియా బైబిలు కళాశాలకు అధ్యక్షులుగా ఉన్నారు. భార్య మ్యూరియల్‌కు 1978 ప్రాంతంలో మతిమరుపు మొదలైంది. అది అల్జీమర్స్ అని తేలింది. జబ్బు ముదిరాక, భర్త కనబడకపోతే ఆమెకు భయం. ఆయనను వెదుకుతూ ఇంటినుండి కళాశాలకు రోజుకు ఎన్నోసార్లు వేగంగా నడిచి వెళ్లేది. రాత్రి చూస్తే ఆమె పాదాలకు రక్తం! 1990లో ఆయన తన ఉద్యోగానికి రాజీనామా చేశారు. పెండ్లినాడు చేసిన ప్రమాణం ఉంది గనుక ఈ నిర్ణయం కష్టమైనది కాదన్నారు. ఇన్నేళ్లు ఆమె తనను చూసుకుంది, ఇప్పుడు తన వంతు అన్నారు. 2003లో ఆమె ప్రభువునందు నిద్రించేవరకు 13 ఏళ్లు ఆయనే ఆమెను చూసుకున్నారు. ఆయన 2016లో కన్నుమూశారు.

ఈ సాక్ష్యం చదివి మన ఇళ్లలో పురుషులు ఒక మాట ఆలోచించాలి. ఆయన ఆ పనిని కోడలిమీదో కూతురిమీదో పెట్టలేదు. మన ఇళ్లలో కొడుకు "మా అమ్మ" అని కన్నీళ్లు పెట్టుకుంటాడు గాని, రాత్రి లేచి తడిసిన పక్క మార్చేది కోడలే. బిడ్డలు తమ ఇంట్లోనే భక్తి కనపరచి తలిదండ్రుల ఋణం తీర్చుకోవాలని పౌలు తిమోతికి వ్రాశాడు (1 తిమోతి 5). ఆ మాట మొదట కొడుకులకే తగులుతుంది.

అలాగని అందరూ కూలిపని మానుకొని ఇంట్లో కూర్చోలేరు. చూసుకునేవారూ అలసిపోతారు, విసుక్కుంటారు, తరువాత పాపం చేశామని ఏడుస్తారు. ఏలీయా బదరీచెట్టు క్రింద చచ్చిపోతానన్నప్పుడు దేవుడు ఆయనను గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు (1 రాజులు 19). అలసిన కోడలికి ముందు కావలసినది ప్రసంగం కాదు, నిద్ర. మా స్త్రీల సమాజంలో ఇద్దరు తల్లులు మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం రెండు గంటలు ఆ పెద్దావిడ దగ్గర కూర్చుంటున్నారు. ఆ సమయంలో కోడలు నిద్రపోతుంది. మా సంఘం చేస్తున్న మంచి పనుల్లో ఇదొకటని నేను నమ్ముతున్నాను.

సంస్కారం ఇవ్వవచ్చా?

మా సంఘపెద్ద ఒకరు, "తన్ను తాను పరీక్షించుకోలేని మనిషికి ప్రభువు బల్ల ఇవ్వవచ్చునా అయ్యగారూ?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నేనిలా చెప్పాను: "ఆమె తెలివి ఉన్నన్నాళ్లూ తన విశ్వాసం మనందరి ఎదుట ఒప్పుకుంది. దానిని ఇప్పుడు వదిలిపెట్టలేదు, జబ్బు ఆమె చేతినుండి లాగేసుకుంది. ఆమె జ్ఞాపకం చేసుకోలేనిది సంఘం ఆమె కొరకు జ్ఞాపకం చేసుకుంటుంది." ఆయన కాసేపు మౌనంగా ఉండి, "మరి వచ్చే ఆదివారం గిన్నె నేను పట్టుకుంటాను, ఆమె చేయి వణుకుతుంది" అన్నారు.

మనం ఎలా ప్రార్థించాలో తెలియనప్పుడు ఆత్మయే మన పక్షాన మూలుగుతాడని రోమా 8వ అధ్యాయంలో ఉంది. తల్లియైనా బిడ్డను మరచునేమో గాని దేవుడు మరువడని యెషయా 49లో ఉంది. చాలా ఏళ్లు ఈ మాటలు ప్రసంగాలలో చెప్పాను. ఇప్పుడు ఆ ఇంటి వసారాలో కూర్చుంటే అవి నాకు వేరుగా వినబడుతున్నాయి. మన రక్షణ మన జ్ఞాపకం మీద ఆనుకొని ఉంటే మనలో ఎవరికీ నిరీక్షణ లేదు. ఆయన జ్ఞాపకం మీద ఆనుకొని ఉంది.

మొన్న వెళ్లినప్పుడు ఆ పెద్దావిడ నన్ను గుర్తుపట్టలేదు. కొడుకును గుర్తుపట్టలేదు. మేము కీర్తన ఒకటి ఎత్తుకోగానే మాత్రం చరణాలతో సహా తప్పు లేకుండా పాడారు. చిన్నప్పుడు నేర్చుకున్న పాటలు చాలాకాలం నిలుస్తాయని డాక్టర్లూ అంటారు. కనుక మీ పిల్లలకు ఈ రోజే పాటలు నేర్పండి. పాట అయ్యాక కోడలు వచ్చి నోరు తుడిచింది. ఆ తల్లి ఆమె చేయి పట్టుకొని, "నువ్వెవరో గాని చాలా మంచిదానివమ్మా" అన్నారు. ఒకనాడు దొంగ అని పిలిపించుకొని, నా చేత గద్దింపబడిన ఆ అమ్మాయి నా వైపు చూసి నవ్వింది.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించండి

1. మన ఇంట్లో, మన వీధిలో మతి తగ్గుతున్న పెద్దవారు ఉన్నారా? వారిని నవ్వులపాలు చేశామా?
2. వారిని చూసుకునే పని ఎవరి ఒక్కరి మీదనే పడింది? ఈ వారం మనలో ఎవరు ఎన్ని గంటలు పంచుకుంటాం?

ప్రార్థన: ప్రభువా, తలనెరిసినవారిని ఎత్తుకొని మోయువాడవు నీవే. మేము విసుగుకొన్న ప్రతి మాటను క్షమించుము. మరచిపోతున్నవారికి భయము తీసివేయుము. చూసుకొనువారికి నిద్రను, ఓర్పును, తోడును దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.